ఇసక మావయ్య కుండలో ఏదీ పాడవదు

ఇసక మావయ్య కుండ కొన్న దగ్గర్నుంచీ అందులో పెట్టిన పదార్థం ఒక్కటి కూడా పాడవలేదు. పాడయిందని ఆయన ఏనాడూ ఒప్పుకోలేదు కనుక పాడవలేదు. పెరుగు నోట్లో పెట్టుకున్నవాళ్ళకి రెండు కళ్ళూ మూసుకుపోయి చెవులు కదిలినా సరే, ఆయన మాత్రం గిన్నె ఎత్తి గటగటా తాగేసి, మీసం తుడుచుకుని, "పులవలేదు. కాస్త ఎదిగింది," అనేవాడు.

ఆయన దగ్గర ప్రతిదానికీ ఇలాంటి మాట ఒకటి సిద్ధంగా ఉండేది. ఆకుకూర వడిలిపోతే "నడుం వాల్చింది" అనేవాడు. పాలు విరిగితే "మనసు మార్చుకున్నాయి" అనేవాడు. టమాటా పట్టుకోగానే వేళ్ళ సందుల్లోంచి జారిపోతుంటే, "వయసు మీదపడింది, అంతే. మనిషి మంచిదే," అని దాన్ని అలాగే జుర్రుకునేవాడు. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. నాలుగోది మీకు కనిపిస్తే మీరు కళ్ళద్దాలు పెట్టుకోవాలి.

కళ్ళద్దాల సంగతి ఆయన మేనకోడలికి బాగా తెలుసు. ఆమె పనే అది. బజారులో కళ్ళద్దాల షాపులో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో కూరుస్తుంది. ఆమె భర్త ఓడలో వంటవాడు. ఓడెక్కితే ఏడాదికి గానీ దిగడు. ఈసారి వెళ్ళేటప్పుడు, "ఒక్కదానివీ అద్దెగదిలో ఎందుకు? మీ మావయ్య దగ్గరుండు. ఆయనకి మాత్రం ఎవరున్నారు?" అన్నాడు. ఆమె రెండు పెట్టెలూ, ఒక తుప్పు పట్టిన రేకు డ్రమ్మూ తీసుకుని మావయ్య ఇంటికి వచ్చేసింది. డ్రమ్ములో అతను నాటిన ద్రాక్ష తీగ ఉంది.

మావయ్య ముప్ఫై ఏళ్ళు ఐసు ఫ్యాక్టరీలో మేస్త్రీగా చేశాడు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "ఐసుతో కాపురం చేసినవాడికి ఇంకో కాపురం ఎందుకయ్యా? సాయంత్రానికల్లా కరిగిపోయే సంసారం. గొడవే లేదు," అనేవాడు. ఫ్యాక్టరీ మూతపడ్డ రోజున, ఇక ఐసు మొహం చూడనని ఒట్టు పెట్టుకుని ఇంటికొచ్చాడు. అక్కడి నుంచి ఆయన తెచ్చుకున్నది ఒక్క ముడి మాత్రమే. ఐసు గడ్డల గోనెసంచులకి వేసే ముడి అది. అడ్డంగా రెండు చుట్లు చుట్టి, కొస లోపలికి దోపి, ఒక్క గుంజు గుంజేవాడు. పంచె బిగించినా, పాత పేపర్లు కట్ట కట్టినా, మేనకోడలి జడకి రిబ్బను ఊడిపోతే కట్టినా అదే ముడి. కత్తెర లేకపోతే విడదు.

ఒట్టు పెట్టుకున్న మర్నాడే రెండు మట్టి కుండలు కొనుక్కొచ్చాడు. పెద్ద కుండలో చిన్న కుండ, రెంటికీ మధ్య నాలుగు వేళ్ళ సందు, సందు నిండా ఇసక. ఇసక మీద పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు నీళ్ళు. చిన్న కుండ మూతి మీద తడిగుడ్డ. మొత్తాన్ని నడవలో, రెండు తలుపుల మధ్య గాలి దూసుకుపోయే చోట, ఇనప ముక్కాలి మీద ఎక్కించాడు. గాలికి ఇసకలో తడి ఆరుతున్నకొద్దీ లోపలి కుండ చల్లబడుతుంది. లోకంలో అందరూ తడిగుడ్డతో గొంతులు కోస్తుంటే, మావయ్య ఒక్కడే తడిగుడ్డతో పెరుగు కాపాడుతూ కూర్చున్నాడు.

"ఐసు మొరటుది అమ్మాయ్. వచ్చీ రాగానే చెంప మీద కొడుతుంది. చలవ అలా కాదు. తలుపు తట్టి, చెప్పులు విడిచి, మెల్లగా లోపలికొస్తుంది," అనేవాడు.

"అది వచ్చేసరికి ఇక్కడ పెరుగు పులిసి కూర్చుంటోంది మావయ్యా."

"పులవలేదు."

"సరే, ఎదిగింది."

"అదీ! అలా అను."

ఎండాకాలం వచ్చిందంటే ఆ వీధికి కరెంటు చుట్టపుచూపుగా వచ్చేది. అందుకని పై వాటాలో గడియారాలు బాగుచేసే ఆయన తన ఫ్రిజ్జులో ఇస్త్రీ చొక్కాలు పెట్టుకున్నాడు. పక్క వాటాలో ఉండే లెక్కల టీచరమ్మ ఏ పూటకాపూట వండుకుని, మిగలకుండా తినేది. వాళ్ళిద్దరూ మావయ్య కుండని చూసి నవ్వేవాళ్ళు. మావయ్య వాళ్ళని చూసి జాలిపడేవాడు.

ఆ ఏడు ఎండలు మండిపోతున్న రోజుల్లో ద్రాక్ష తీగ మొదటిసారి కాసింది. నల్ల ద్రాక్ష, ఒకే ఒక్క గుత్తి. భర్త వెళ్ళేటప్పుడు ఆ తీగని చూపించి, "మొదటి కాపు నేనొచ్చి కోస్తాను. అంతవరకూ ఎవరూ ముట్టుకోకూడదు," అని చెప్పి మరీ వెళ్ళాడు. పదకొండు నెలల తర్వాత ఏదో రేవు నుంచి ఫోను చేశాడు.

"పది రోజుల్లో వచ్చేస్తున్నాను," అన్నాడు.

"తీగ కాసిందండీ!"

"నిజంగా? ఎన్ని?"

"ఒక గుత్తి."

"నేనొచ్చేదాకా ఉంచు," అన్నాడు. తర్వాత ఏదో అన్నాడు గానీ అది సముద్రంలో కలిసిపోయింది.

అదే రోజు వడగాడ్పు మొదలైంది. సాయంత్రానికి తీగ ఆకులన్నీ అప్పడాల్లా ముడుచుకుపోయాయి. పిట్టలొచ్చి గుత్తిలో రెండు పళ్ళు పొడిచి పోయాయి. ఆమె డ్రమ్ము పక్కన చతికిలబడి, కత్తెర చేత్తో పట్టుకుని కొయ్యాలో వద్దో తెలియక అలాగే కూర్చుండిపోయింది.

"కొయ్యి," అన్నాడు వెనకనుంచి మావయ్య.

"ఆయన వచ్చి కోస్తానన్నారు మావయ్యా."

"అల్లుడు వచ్చేసరికి పిట్టలు భోంచేసి చెయ్యి కడుక్కుని పోతాయి. కొయ్యవే. నా కుండ ఉన్నది ఎందుకు?"

ఆమె కోసింది. తొడిమకి ఎర్రదారంతో చిన్న పువ్వు ముడి వేసింది. గుత్తిని రెండు చేతులతో చిన్న కుండలోకి దించుతూ, "ఇవి పాడయ్యేలోగా ఆయన వచ్చేస్తారు మావయ్యా. పాడయ్యాయంటే ఇంక రారనే లెక్క," అంది.

"ఎవరు చెప్పారే ఈ లెక్క?"

"ఎవరూ చెప్పలేదు. నేనే అనుకున్నాను."

"అనుకునేటప్పుడు కాస్త ఒళ్ళు దగ్గర పెట్టుకుని అనుకోవాలి. అయినా నా కుండలో పాడవడమేమిటి! పది రోజులు కాదు, నెల ఉంచుతాను," అని మావయ్య కుండ పొట్టకి చెంప ఆనించి, కళ్ళు మూసుకుని, తృప్తిగా తలాడించాడు.

ఆ మర్నాటి నుంచి ఆమె షాపు నుంచి రాగానే చెప్పులు కూడా విప్పకుండా కుండ దగ్గరికి వెళ్ళేది. గుడ్డ తీసి తొంగిచూసేది. లోపల చీకటిగా, తడిమట్టి వాసనతో ఉండేది. చెయ్యి లోపలికి పెట్టి కాసేపు అలాగే ఉంచేది. బయట గోడలూ తలుపు గొళ్ళాలూ ముట్టుకుంటే కాలుతున్నాయి. ఆ జానెడు చోటు మాత్రం చల్లగా ఉండేది. అక్కడ చెయ్యి పెట్టినప్పుడల్లా ఆమెకి అతని చెయ్యి గుర్తొచ్చేది. గంటలకొద్దీ పొయ్యి దగ్గర నిలబడి వచ్చినా అతని అరచేతులు చల్లగానే ఉండేవి. అలా ఎందుకుంటాయో ఆమె ఎప్పుడూ అడగలేదు. ఈసారి రాగానే ముందు అదే అడగాలనుకునేది. ఇంత బెంగ పడాల్సొస్తుందని తెలిస్తే ఆ రోజు రేవులోనే చొక్కా పట్టుకుని ఆపేసేదాన్ని కదా, నోరు ఎందుకు పెగలలేదూ అనుకునేది.

"ద్రాక్ష ఎలా ఉంది మావయ్యా?"

"పెళ్ళికూతురిలా ఉంది. నువ్వు అన్నానికి రా."

ఆ మాట విన్నాకే ఆమెకి ముద్ద దిగేది. మావయ్య ఆ సంగతి గమనించాడు.

నాలుగో రోజు గాలి ఆగిపోయింది. మబ్బులు కమ్ముకుని ఉక్కపోత మొదలైంది. వాన పడదు, మబ్బు వీడదు. ఇసక ఆరితేనే కదా కుండ చల్లబడేది. గాలే తడిసి ముద్దయి ఉంటే ఇసక ఆరేదెలా? ఆమె ఇంటికొచ్చేసరికి మావయ్య ముక్కాలి ముందు పీట వేసుకుని, రెండు చేతుల్లో రెండు విసనకర్రలు పట్టుకుని కుండకి విసురుతున్నాడు. చెమట ఆయన గడ్డం మీంచి కారుతోంది.

"కుండకి ఉక్కగా ఉందా మావయ్యా?"

"అలిగింది. బతిమాలుతున్నాను."

ఆమె గుడ్డ తీసి చూసింది. పళ్ళ మీద నిగనిగ పోయింది. అడుగున ఉన్న రెండు మూడు మెత్తబడ్డాయి. ముక్కు దగ్గర పెట్టుకోబోతే మావయ్య గభాల్న గుడ్డ కప్పేసి, "మాటిమాటికీ తీస్తే చలవ పారిపోతుంది," అన్నాడు. ఆ రాత్రి ఆమె కంచంలో నాలుగు మెతుకులు కెలికి లేచిపోయింది. ఇంత చిన్నపిల్లల పంతం ఎందుకు పట్టానా అని తనని తాను తిట్టుకుంది. తిట్టుకున్నా బెంగ తగ్గలేదు.

అయిదో రోజు సాయంత్రం గుడ్డ తీసి చూస్తే గుత్తి మిలమిల మెరిసిపోతోంది. తొడిమ పచ్చగా ఉంది. పళ్ళు బిగువుగా, ఇప్పుడే తీగ నుంచి దిగినట్టు ఉన్నాయి. ఆమె ఆనందం పట్టలేక గుత్తిని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో పెట్టి చూసింది. తొడిమకి ఎర్రదారం ఉంది. దారం ఆమె కట్టినదే. ముడి మాత్రం పువ్వు ముడి కాదు. అడ్డంగా రెండు చుట్లు, కొస లోపలికి దోపి ఉంది.

ఆమెకి ముందు నవ్వొచ్చింది. తర్వాత విషయం తెలిసొచ్చింది. తన గుత్తి పోయింది. పాడయితే రారనుకున్న లెక్క ప్రకారం ఇప్పుడు తను ఏడవాలి. ఏడుద్దామని తల తిప్పితే, నడవలో చాప మీద మావయ్య కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతూ, వాలిన రెప్పల సందులోంచి తననే చూస్తున్నాడు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు ఉంది ఆయన వాలకం.

"ఎలా... ఉంది ద్రాక్ష?" అన్నాడు మూలుగుతూ.

రోజూ తను అడిగే ప్రశ్న ఆయన అడిగేసరికి ఆమె గుత్తిని ఎత్తి చూపించింది. "పెళ్ళికూతురిలా ఉంది మావయ్యా. కడుపులో నొప్పా? ఏం తిన్నావు?"

"ఏమీ తినలేదు. ఉక్క. అంతా ఉక్క వల్లే."

ఆమె ఆ రాత్రి కడుపునిండా తింది. ఆయన సంతోషం కోసమే తినడం మొదలుపెట్టింది గానీ, నాలుగు ముద్దలు దిగేసరికి నిజంగానే ఆకలేసింది. ఆయన మాత్రం రెండు రోజులు మంచినీళ్ళతో గడిపాడు. ఆ తర్వాత ఆయనకి కొత్తగా ఒక అలవాటు పట్టుకుంది. పొద్దున్నే వాహ్యాళికి బయలుదేరేవాడు. జన్మలో వీధి చివర దాకా నడవని మనిషి, చంకలో సంచి పెట్టుకుని మరీ నడిచేవాడు. ముక్కుపొడి మానేశాడు. ఎందుకని అడిగితే, "ఆరోగ్యం," అన్నాడు.

అంతటితో ఆగితే బాగుండేది. ఏడో రోజున టీచరమ్మ వచ్చి కుండలోకి తొంగిచూసింది. "మొదటి రోజు చూసినప్పటికంటే తాజాగా ఉన్నాయే!" అని ముక్కున వేలేసుకుంది. సాయంత్రానికి ఆ మాట మేడ ఎక్కింది. మర్నాడు గడియారాల ఆయన ఒక చేప పట్టుకొచ్చాడు. టీచరమ్మ టమాటాలు తెచ్చింది. నిన్నటి దాకా నవ్వినవాళ్ళు చేతులు కట్టుకుని నిలబడితే కాదనడానికి మావయ్యకి నోరు రాలేదు. ఉక్క వీడలేదు, కుండ చల్లబడటంలేదు. అయినా ఇంకో జత కుండలు కొని నడవలో పెట్టి, "పెట్టి వెళ్ళండి. రేపు రండి," అన్నాడు.

రేపు వచ్చింది. గడియారాల ఆయన తన చేపని చేత్తో కొలిచి చూసుకున్నాడు.

"మావయ్యగారూ, నేను పెట్టింది జానెడు చేపండీ. ఇది జానా బెత్తెడుంది."

"ఉండదూ మరి? చలవలో పెట్టావు. పెరిగింది."

"చచ్చిన చేప కదండీ?"

"చచ్చిందని నువ్వనుకున్నావు. ఆ సంగతి దానికెవరు చెప్పారు?"

టీచరమ్మ టమాటాలు ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకుంది. "అయిదు పెట్టాను. ఆరున్నాయి!"

మావయ్య ఒక్క క్షణం తడబడ్డాడు. "లెక్క తప్పి ఉంటావమ్మా."

ముప్ఫై ఏళ్ళుగా ఊళ్ళో పిల్లలందరికీ కూడికలు నేర్పిన మనిషి, ఆ మాట విన్నాక రెండు రోజులు ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. బళ్ళో పిల్లల జవాబులు మూడేసిసార్లు దిద్దిందట. మేనకోడలు వంటింట్లోకి పరిగెత్తి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. అతను ఇక్కడుంటే ఈ చేప సంగతి చెప్పి ఇద్దరం కలిసి నవ్వుకునేవాళ్ళం కదా అనిపించి, ఆ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఓడలో వాళ్ళు రోజూ చేపలు వండుతారు. పెరిగే చేప సంగతి వింటే అతను గరిటె పక్కన పడేసి నవ్వుతాడు. అవన్నీ మర్చిపోకుండా చెప్పాలని ఆమె లోపల పోగేసుకుంటోంది.

తొమ్మిదో రోజున ఫోను వచ్చింది. ఓడ ఇంజను చెడిందట. దారిలో ఏదో రేవులో ఆపేశారట.

"ఎన్నాళ్ళట?" అన్నాడు మావయ్య.

"రెండు వారాలట." ఆమె గోడకి ఆనుకుని కింద కూర్చుంది. "రేపు వస్తారనుకున్నాను మావయ్యా. చీర కూడా తీసి పెట్టుకున్నాను."

మావయ్య కుండ వైపు చూశాడు. నెల ఉంచుతానని కోతలు కోసిన మనిషి గుటక మింగాడు. "ఓస్, రెండు వారాలేగా!"

"ద్రాక్ష అన్నాళ్ళు ఉంటుందా?"

"ఉండక ఎక్కడికి పోతుందే? దానికేమైనా ఓడలున్నాయా?"

ఆమె కళ్ళనీళ్ళతోనే నవ్వింది. వద్దు మావయ్యా, నాకు తెలుసు, ఇంక ఈ తిరుగుడు మానెయ్యి అని చెబుదామని నోటిదాకా వచ్చింది. చెబితే ఆయన మొహం ఎలా అయిపోతుందో తలుచుకుని మానేసింది. అందుకని రోజూ సాయంత్రం అలాగే గుడ్డ తీసేది, అలాగే అడిగేది. ఆయన అలాగే జవాబు చెప్పేవాడు. అబద్ధమని తెలిసినా ఆ మాట చెవిన పడితే ఆమెకి ఆ రోజు గడిచినట్టుండేది.

పదహారో రోజున మావయ్యకి జ్వరం వచ్చి లేవలేకపోయాడు. పడుకున్న చోటి నుంచి కుండని చూసి నిట్టూరుస్తుంటే ఆమెకి అర్థమయింది. మర్నాడు తెల్లవారకముందే లేచి, పళ్ళ బజారుకి వెళ్ళి, నల్లద్రాక్ష గుత్తి ఒకటి కొనుక్కొచ్చింది. అన్నిటికంటే కష్టం ఆ ముడి. వంటింట్లో కూర్చుని ఎనిమిదిసార్లు కట్టి, ఎనిమిదిసార్లూ కత్తిరించింది. తొమ్మిదోసారికి కుదిరింది.

జ్వరం తగ్గి, గోడ పట్టుకుని నడుచుకుంటూ వచ్చిన మావయ్య గుడ్డ తీసి చూసి కొయ్యబారిపోయాడు. గుత్తిని పైకెత్తి చూశాడు. ముడి చూశాడు. తన ముడే.

"అమ్మాయ్! ఇటు రా! చూడవే! నేను ముట్టుకోనే లేదు! మూడు రోజుల నుంచీ ముట్టుకోలేదు!"

"నువ్వు ముట్టుకోవడమేమిటి మావయ్యా?"

"ఆఁ? అదే... నేను నీళ్ళు పొయ్యకపోయినా ఎలా ఉందో చూడమంటున్నాను." ఆయన కళ్ళు చెమర్చాయి. కుండ పొట్ట మీద అరచెయ్యి వేసి నిమిరాడు. "దీన్ని నేనే అనుమానించానే," అన్నాడు మెల్లగా.

ఆ రోజు నుంచి ఆయన తన కుండని మనస్ఫూర్తిగా నమ్మాడు. దాంతో వాహ్యాళి మానేశాడు. ఆ తర్వాత గుత్తి మార్చే పని ఆమెకి పడింది.

ఇరవై మూడో రోజు మధ్యాహ్నం భర్త వచ్చాడు. ఆ రోజు షాపుకి సెలవు. తలుపు తీసి చూస్తే గుమ్మంలో నల్లబడి, చిక్కిపోయి, భుజాన ఓడ సంచితో నిలబడి ఉన్నాడు. ఏమేమి చెప్పాలని పోగేసుకుందో అవన్నీ ఆమె ఒక్కసారిగా మర్చిపోయింది. అతని చెయ్యి పట్టుకుంది. చల్లగానే ఉంది.

"కాళ్ళు తర్వాత కడుక్కోవచ్చు. ముందు ఇలా రా అల్లుడూ!" అని మావయ్య నడవలోంచి కేకేశాడు. గుడ్డ తీసి, గుత్తిని పళ్ళెంలో పెట్టి అందించాడు. "ఇరవై మూడు రోజులు!"

"మా ఓడలో ఐసుగది ఉంది మావయ్యగారూ. అందులో కూడా ఇంత తాజాగా ఉండవు," అన్నాడు అతను. మావయ్య ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

అతను ఒక పండు నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. నోట్లో ఏదో వెతుక్కుంటున్నట్టు బుగ్గలు అటూ ఇటూ కదిపాడు. రెండోది వేసుకున్నాడు. మూడోది వేలితో చిదిమి చూశాడు.

"గింజలేవి?"

మేనకోడలు పళ్ళెం వంక చూసింది. ఆ ఎనిమిది ముళ్ళ హడావిడిలోనూ, ఆ తర్వాతా గింజల సంగతి ఆమెకి తట్టనే లేదు. కొనేటప్పుడు మావయ్యకీ తట్టలేదు.

"గింజలా?" అన్నాడు మావయ్య.

"ఈ తీగ నేను నాటిందే కదండీ. గింజలున్న రకం."

మావయ్య పైకి చూశాడు, కిందికి చూశాడు. "చలవకి అరిగిపోయాయి," అన్నాడు.

అంతే. ఆమెకి నవ్వు ఆగలేదు. గోడ పట్టుకుని, కింద కూర్చుని, కళ్ళలోంచి నీళ్ళు కారేదాకా నవ్వింది. పన్నెండు నెలలుగా నవ్వాల్సినదంతా ఒకేసారి నవ్వింది. భర్త అయోమయంగా ఇద్దరి వంకా చూశాడు. మావయ్య కాసేపు బింకంగా నిలబడ్డాడు. తర్వాత లోపలికి వెళ్ళి, తన ముడే వేసిన కాగితం పొట్లం ఒకటి తెచ్చి అల్లుడి చేతిలో పెట్టాడు. ఆమె కత్తెరతో దారం కత్తిరించింది. లోపల ద్రాక్ష గింజలున్నాయి. శుభ్రంగా కడిగి, ఆరబెట్టినవి.

"ఇవీ నీ గింజలు," అన్నాడు మావయ్య.

"మరి పళ్ళేవి?"

"తినేశాను."

ఆమె నవ్వు ఆగిపోయింది. "ఆ రోజా మావయ్యా? ఆ మెత్తబడ్డవన్నీనా? అందుకేనా ఆ కడుపునొప్పి?"

"మెత్తబడలేదు..." అని మావయ్య ఎప్పటిలా ఒక మంచి మాట కోసం వెతుక్కున్నాడు. దొరకలేదు. "ఏం చెయ్యమంటావే? చెత్తబుట్ట దాకా తీసుకెళ్ళాను. పారేశానంటే పాడయ్యాయని ఒప్పుకున్నట్టే కదా. పాడయితే అల్లుడు రాడని నువ్వే కదే లెక్క కట్టావు! అదే తినేశాననుకో, అవి పాడవలేదు, తినేశాం. అంతే కదా? అందుకని కూర్చుని ఒక్కొక్కటీ తినేశాను. నీ లెక్క చెడకూడదని."

ఆమె లేచి వెళ్ళి మావయ్య భుజానికి తల ఆనించింది. ఆయన ఇబ్బందిగా కదిలి, "మీదపడకే, ఉక్కగా ఉంది," అన్నాడు గానీ పక్కకి జరగలేదు. ఆ తర్వాతి గుత్తి ఎవరు మార్చారో ఆమె చెప్పలేదు. ఎప్పటికీ చెప్పకూడదని అప్పుడే నిర్ణయించుకుంది.

భర్త గుమ్మంలోకి వెళ్ళి రేకు డ్రమ్ములోకి చూశాడు. వడగాడ్పుకి మాడిపోయిన తీగ మళ్ళీ చిగురించలేదు. ఎండుపుల్ల మిగిలింది. అతను అరచేతిలో గింజల్ని వేలితో కదిపాడు.

"మొలుస్తాయా?" అంది ఆమె.

"మొలుస్తాయి. కాపుకి రావాలంటే మూడేళ్ళు పడుతుంది."

"మూడేళ్ళూ ఎవరు నీళ్ళు పోస్తారు?"

రేవులో ఆ రోజు నోట రాని మాట ఇప్పుడు ఎంత తేలిగ్గా వచ్చిందో చూసి ఆమే ఆశ్చర్యపోయింది. అతను ఆమె వంక చూశాడు. సంచి వంక చూశాడు. చాలాసేపు గింజల వంక చూశాడు.

"మావయ్యగారూ, ఖాళీ కుండ ఒకటి ఉందా?" అన్నాడు.

మావయ్య ఉత్సాహంగా రెండో జత కుండల్లో పెద్దది ఎత్తుకొచ్చాడు. అతను అందులో ముక్కు పెట్టి చూసి, "చేప కంపు కొడుతోందండీ," అన్నాడు.

"కంపు కాదు అల్లుడూ. పెరిగిన చేప. ఆ కథ నీకు అమ్మాయి చెబుతుంది."

అతను కుండ చంకన పెట్టుకుని మట్టి కోసం పెరట్లోకి వెళ్ళాడు. ఓడ సంచి గుమ్మం పక్కనే ఉంది. ఆమె అందులోంచి మాసిన బట్టలు తీసి బకెట్లో పడేసింది. ఖాళీ సంచిని మడిచి, పీట వేసుకుని ఎక్కి, అటక మీద ఎవరి చేతికీ అందనంత లోపలికి తోసేసింది.